ఒకే గేమ్, రెండు బొమ్మలు: పీసీనీ కన్సోల్‌నీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు అసలు ఏం చూడాలి

సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మావయ్యగారింట్లో అందరం చేరాం. భోగి నాటి సాయంత్రం హాల్లో 55 అంగుళాల టీవీ ముందు పెద్ద చర్చే నడిచింది. మా పెద్దమ్మ కొడుకు, అంటే నాకు అన్నయ్య, కాకినాడ నుంచి వస్తూ తన పీఎస్5, అంటే సోనీ గేమ్ కన్సోల్, తెచ్చుకున్నాడు. మావయ్య కొడుకు, అంటే బావ, ఈమధ్యే కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌తో హైదరాబాద్ నుంచి దిగాడు. ఇద్దరి దగ్గరా రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే గేమ్ ఉంది. ఇంకేముంది, ఒక హెచ్‌డీఎంఐ పోర్టుకి అది, ఇంకో పోర్టుకి ఇది పెట్టి, రిమోట్‌తో మార్చి మార్చి చూడటం మొదలుపెట్టారు. గేమ్‌లో రాత్రిపూట మంట చుట్టూ కూర్చునే చోటు ఒకటి ఎంచుకున్నారు. పీఎస్5లో చీకటి చీకటిలా ఉంది, మంట వెలుగు మొహాల మీద పడి మెరుస్తోంది. ల్యాప్‌టాప్‌కి మార్చగానే బొమ్మంతా పాలిపోయింది, చీకటి మీద ఎవరో బూడిద చల్లినట్టుంది. "లక్ష పైన పోసి కొన్నావు కదా బావా, ఇదేనా?" అన్నాడు అన్నయ్య. బావ మొహం చిన్నబోయింది. గదిలో ఉన్నవాళ్లందరూ అప్పుడే తేల్చేశారు, కన్సోలే బాగుందని.

ఆ తీర్పు తప్పు. తేడా గేమ్‌లో లేదు, గ్రాఫిక్స్ కార్డులోనూ లేదు, ఆ రెండు పోర్టుల మధ్య ఉంది.

కంప్యూటర్ బొమ్మలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 వరకు అంకెలుంటాయి, 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి వెలుగు. టీవీ ప్రసారాల కాలం నుంచి వస్తున్న పద్ధతిలో మాత్రం నలుపు 16 దగ్గర మొదలవుతుంది, తెలుపు 235 దగ్గర ఆగిపోతుంది. మొదటిదాన్ని ఫుల్ రేంజ్ అంటారు, రెండోదాన్ని లిమిటెడ్ రేంజ్ అంటారు. పంపేదీ అందుకునేదీ ఒకే పద్ధతిలో ఉంటే కంటికి ఏ తేడా తెలియదు. కానీ ల్యాప్‌టాప్ లిమిటెడ్‌లో పంపుతూ, టీవీ ఆ పోర్టుకి ఫుల్ అనుకుంటే, 16 అనే అంకె టీవీకి నలుపు కాదు, ముదురు బూడిద. అందుకే బొమ్మ పాలిపోతుంది. ఇది తిరగబడితే ఇంకో రకం నష్టం: నీడల్లో ఉండే వివరాలన్నీ నల్లటి ముద్దలో కలిసిపోతాయి, చూసేవాళ్లు "అబ్బ, కాంట్రాస్ట్ ఎంత బాగుందో" అనుకుంటారు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అనే ఒక్క ఆప్షన్ మార్చాం, బూడిద పోయింది. అప్పటిదాకా జరిగిన అరగంట వాదన మొత్తం ఒక టిక్కు మీద నడిచిందన్నమాట.

ఈ విషయం ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, పీసీ బొమ్మ, కన్సోల్ బొమ్మ అంటూ పక్కపక్కన పెట్టి తిప్పే ఫోటోల్లో చాలావాటికి ఇదే జబ్బు. టీవీలో ఒక పోర్టుకి గేమ్ మోడ్, ఇంకో పోర్టుకి సినిమా మోడ్ ఉండొచ్చు, ఒకచోట షార్ప్‌నెస్ పెంచి ఉండొచ్చు, ఓవర్‌స్కాన్ వల్ల అంచులు కత్తిరించి బొమ్మని సాగదీస్తూ ఉండొచ్చు. ముందు ఇవి సరిచూసుకోకుండా ఏది గొప్ప అని మాట్లాడటం, తూకం రాయి సరిచూడకుండా కొబ్బరి తూచినట్టే.

సరే, అవన్నీ సరిచేశాక అసలు ప్రశ్నకి వద్దాం. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను: ఒకే గేమ్ పీసీ వెర్షన్‌నీ కన్సోల్ వెర్షన్‌నీ ఎక్కువ నాణ్యత, తక్కువ నాణ్యత అని రెండు మెట్లుగా చూడటమే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. కన్సోల్ వెర్షన్ అంటే ఒక పెట్టెకి, ఒక దూరానికి, ఒక ఫ్రేమ్ రేటుకి (సెకనుకి ఎన్ని బొమ్మలు గీయాలన్న లెక్కకి) సరిపోయేలా గేమ్ చేసినవాళ్లే కూర్చుని తీసుకున్న నిర్ణయాల మూట. పీసీ వెర్షన్‌లో ఆ మూట విప్పి మన చేతికి ఇస్తారు. కాబట్టి పోల్చాల్సింది ఆ నిర్ణయాలని, ఎక్కడ తగ్గించారు, ఎందుకు తగ్గించారు, అది మన కంటికి ఆనుతుందా లేదా అని.

మొదట ఏ వెర్షన్‌ని చూస్తున్నామో తెలియాలి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోల్స్‌కి 2018 అక్టోబర్‌లో వచ్చింది, పీసీకి 2019 నవంబర్‌లో వచ్చింది. పీఎస్5 పుట్టిందే 2020 నవంబర్‌లో. అంటే ఆ రోజు అన్నయ్య పీఎస్5లో నడుస్తున్నది నిజానికి పీఎస్4 కాలపు గేమ్, పీఎస్4 ప్రో కోసం కట్టిన సెట్టింగ్స్‌తో, సెకనుకి 30 ఫ్రేములకి కట్టేసి. పెట్టె కొత్తది, మూట పాతది. ఇది చూసి పీఎస్5 శక్తి ఇంతేనా అనుకోవడం అన్యాయం. అలాగే దీన్ని పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ గెలిచిందని సంబరపడటమూ సరికాదు. పాత గేములు కొత్త కన్సోల్ మీద నడిచేటప్పుడు, కంపెనీ అప్‌డేట్ ఇస్తే తప్ప, చాలావరకు ఇలాగే ఉంటుంది.

ఇక సెట్టింగ్స్ పేర్లు. పీసీ గేమ్ మెనూలో లో, మీడియం, హై, అల్ట్రా అని ఉంటాయి. కన్సోల్‌ది ఏ మెట్టు అంటే సూటిగా చెప్పలేం, ఎందుకంటే నీడలకి ఒకటి, నీళ్లకి ఒకటి, గడ్డికి ఒకటి, ఇలా ఒక్కోదానికి ఒక్కో మెట్టు ఎంచుకుంటారు. గేముల బొమ్మ నాణ్యతని పరీక్షించే డిజిటల్ ఫౌండ్రీ వాళ్లు ఈ పనిని ఏళ్ల తరబడి ఓపిగ్గా చేస్తున్నారు: కన్సోల్‌లో ఒక చోట నిలబడి, పీసీలోనూ సరిగ్గా అక్కడే నిలబడి, ఒక్కో సెట్టింగ్ పైకీ కిందికీ తిప్పుతూ రెండు బొమ్మలూ ఎక్కడ కలుస్తాయో చూడటం. ఈ గేమ్ పీసీ వెర్షన్ వచ్చినప్పుడు, ఆనాటి అత్యంత శక్తిమంతమైన కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌తో పోల్చి చూస్తే, కొన్ని సెట్టింగ్స్ పీసీ మెనూలోని "లో" మెట్టు కంటే కిందే ఉన్నాయని తేలింది. అదే కన్సోల్ బొమ్మని చూసి ఏడాది ముందు ప్రపంచమంతా ఇంత అందమైన గేమ్ లేదంది! అంటే లో అన్న పేరులో ఏమీ లేదు, అది ఆ గేమ్‌లో మొదటి మెట్టు, అంతే. ఒక గేమ్‌లో లో అన్నది ఇంకో గేమ్‌లో హై కంటే బాగుండొచ్చు.

అల్ట్రా గురించి కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చాలా గేముల్లో హై నుంచి అల్ట్రాకి వెళ్తే బొమ్మలో వచ్చే మార్పు ఆగి, పోల్చి, వెతికితే గాని దొరకదు, ఫ్రేములు మాత్రం ఠక్కున పడిపోతాయి. అల్ట్రా రేపటి కార్డుల కోసం వదిలిన ఖాళీ. దాన్ని ఇవాళే నింపాలని పట్టుబట్టి, గేమ్ నత్తలా నడుస్తుంటే పీసీ వెర్షన్ బాలేదని తిట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

ఈ తగ్గింపులు ఎందుకు చేస్తారో మన డెల్టా వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలవ నీళ్లు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు కదా, ఇన్ని రోజులు ఈ కాలవకి, ఇన్ని రోజులు ఆ కాలవకి అని. మొత్తం నీరు పెరగదు, పంపకం మాత్రమే మారుతుంది. గేమ్‌లో ఆ నీరు సమయం. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 33.3 మిల్లీసెకన్లు. 60 ఫ్రేములంటే 16.7 మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో నీడలు వేయాలి, వెలుగు లెక్కించాలి, గడ్డి ఊపాలి, ప్రతిబింబాలు గీయాలి, పొగా నీళ్లూ చేయాలి. కన్సోల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఏదో ముందే తెలుసు కాబట్టి ఒక్కోదానికి ఎంత వంతు ఇవ్వాలో దశాంశాల వరకు లెక్కేసి ఇస్తారు. పీసీలో ఎవరి ఇంట్లో ఏ కార్డు ఉందో తెలియదు, అందుకే పంపకాన్ని మనకే వదిలేస్తారు.

వంతు కోసేటప్పుడు మొదట దెబ్బ పడేది నీడల మీద, దూరపు వస్తువుల మీద. దగ్గర చెట్టు నీడ ఆకు ఆకుగా కనిపిస్తుంది, నాలుగు అడుగుల అవతల అదే నీడ మసకబారుతుంది, ఇంకా దూరంలో చెట్లకి నీడే ఉండదు. గుర్రం మీద దూసుకుపోతుంటే ముందు గడ్డి ఉన్నట్టుండి మొలిచినట్టు కనిపిస్తుంది చూడండి, అది డ్రా డిస్టెన్స్, అంటే ఎంత దూరం వరకు వస్తువుల్ని గీయాలన్నది, తగ్గించిన గుర్తు. ఇంకోటి చాలామంది గమనించరు, నాకైతే ముందు అదే కనిపిస్తుంది: నేల మీద టెక్స్చర్, అంటే ఉపరితలం మీద అతికించే బొమ్మ. కాళ్ల దగ్గర రాళ్లూ మట్టీ స్పష్టంగా ఉంటాయి, పది అడుగుల ముందు నుంచి రోడ్డంతా పూసేసినట్టు మసకగా మారుతుంది. ఏటవాలుగా చూసే నేలని స్పష్టంగా ఉంచే పనిని యానిసోట్రోపిక్ ఫిల్టరింగ్ అంటారు. పీసీలో 16 రెట్లకి పెట్టుకున్నా దాదాపు ఏ భారమూ ఉండదు. కన్సోల్‌లో మెమరీకి వెళ్లే దారిని సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ పంచుకుంటాయి కాబట్టి దీన్ని తగ్గించడం పీఎస్4 కాలంలో మామూలైపోయింది. పీసీ బొమ్మ ఎందుకో శుభ్రంగా ఉంది అని కారణం తెలియకుండా అనిపించిందంటే, పది సార్లలో చాలాసార్లు ఇదే.

ప్రతిబింబాల సంగతి అయితే నేను మా కాలవ గట్టు మీదే నేర్చుకున్నాను. గట్టు మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కొబ్బరి చెట్టు, నీళ్లలో తలకిందులుగా దాని ప్రతిబింబం, రెండూ కనిపిస్తాయి. ఇప్పుడు తల వంచి నీళ్లనే చూడండి. చెట్టు మీ చూపులోంచి పోయింది, ప్రతిబింబం మాత్రం అలాగే ఉంది. చాలా గేముల్లో ఇలా జరగదు. కెమెరాని కిందికి వంచితే చెట్టు స్క్రీన్ మీంచి పోతుంది, దాంతోపాటే నీళ్లలో ప్రతిబింబం కూడా పైనుంచి కరిగిపోతూ మాయమవుతుంది. కారణం, స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ అనే పద్ధతి స్క్రీన్ మీద అప్పటికే గీసిన బొమ్మనే తీసుకుని తిప్పి నీళ్ల మీద అతికిస్తుంది, స్క్రీన్ మీద లేనిది దానికి తెలియదు. రే ట్రేసింగ్ అయితే నీటి మీంచి వెలుగు కిరణం ఎటు వెళ్తుందో నిజంగా లెక్కేసి, స్క్రీన్ బయట ఉన్న చెట్టుని కూడా పట్టుకొస్తుంది. భారం చాలా ఎక్కువ. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ రే ట్రేసింగ్ చేయగలవు గాని, వంతు చాలక చాలా గేముల్లో ఒక్క ప్రతిబింబాలకో ఒక్క నీడలకో పరిమితం చేస్తారు, అదీ తక్కువ రిజల్యూషన్‌లో. 2023 ఏప్రిల్‌లో సైబర్‌పంక్ 2077కి పీసీలో పాత్ ట్రేసింగ్ వచ్చింది, గేమ్‌లో వెలుగంతా కిరణాల లెక్కతోనే. ఖరీదైన కార్డు ఉన్న పీసీకీ కన్సోల్‌కీ మధ్య ఇవాళ ఎవరైనా చెప్పగలిగే అతి పెద్ద తేడా ఇక్కడే ఉంది, 4కె దగ్గర కాదు.

4కె అన్న మాట మీద మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. 1080పి అంటే 20,73,600 పిక్సెళ్లు. 4కె అంటే 82,94,400, సరిగ్గా నాలుగు రెట్లు. నాలుగు రెట్లు పని చేయాలి కాబట్టి కన్సోల్స్ చాలాసార్లు అంతకన్నా తక్కువలో గీసి పెద్దది చేస్తాయి. పెట్టె మీద 4కె అని రాసి ఉన్నా, టీవీ పైన 4కె సిగ్నల్ అని చూపించినా, అది చివరికి బయటికి వచ్చే సైజు మాత్రమే. లోపల గీసింది ఎంతో తెలుసుకోవడానికి పిక్సెల్ లెక్కింపు అనే పద్ధతి ఉంది, ఎవరైనా ఇంట్లో చేయొచ్చు. కాస్త ఏటవాలుగా ఉన్న గీత ఒకటి, ఇంటి కప్పు అంచో కరెంటు తీగో, స్క్రీన్‌షాట్‌లో బాగా పెద్దది చేసి చూడండి. మెట్లు మెట్లుగా ఉంటుంది. స్క్రీన్ మీద 12 పిక్సెళ్ల ఎత్తులో 10 మెట్లే ఉన్నాయంటే, గీసింది ఆరింట అయిదు వంతులు అన్నమాట. 1080 అంటే నిలువున ఉండే పిక్సెళ్ల లెక్క, అందులో ఆరింట అయిదు వంతులు 900. పీఎస్4 కొత్తలో బ్యాటిల్‌ఫీల్డ్ 4 అందులో 900పి అని, ఎక్స్‌బాక్స్ వన్‌లో 720పి అని ఇలాంటి లెక్కలతోనే బయటపడి పెద్ద దుమారం లేచింది.

ఇప్పుడు ఆ లెక్క అంత తేలిగ్గా కుదరడం లేదు, ఎందుకంటే పెద్దది చేసే పద్ధతులు చాలా తెలివిమీరాయి. పీఎస్4 ప్రో కాలంలో చెకర్‌బోర్డ్ అని వచ్చింది: చదరంగం బల్లలో నల్ల గళ్లు ఒక ఫ్రేములో, తెల్ల గళ్లు తర్వాతి ఫ్రేములో గీసి కలపడం. తర్వాత ఎన్విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ వచ్చాయి, వెనకటి ఫ్రేముల్లోని సమాచారాన్ని పోగేసి ఇప్పటి ఫ్రేముని నింపుతాయి. అలన్ వేక్ 2 పీఎస్5లో క్వాలిటీ మోడ్‌లో దాదాపు 1270పి దగ్గర గీసి ఎఫ్ఎస్ఆర్ 2తో 4కెకి పెంచుతుంది. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో అయితే 847పి నుంచి 1440పికి. వింటే తక్కువనిపిస్తుంది, సోఫాలోంచి చూస్తే మాత్రం చాలా చోట్ల బాగానే ఉంటుంది. ఎక్కడ దొరికిపోతుందంటే, సన్నటివి కదిలే చోట. ఆకాశం ముందు గాలికి ఊగే కొబ్బరి మట్టని తలుచుకోండి, ఒక్కో ఈనె పక్క ఈనెతో కలవకుండా, మధ్యలో ఆకాశం ముక్కలు మెరుస్తూ, అదీ ఆగకుండా కదులుతూ. కోనసీమని ఎవరైనా గేమ్‌గా చేస్తే బొమ్మని పెద్దది చేసే ఈ అప్‌స్కేలర్లకి అంతకు మించిన పరీక్ష ఉండదు. దూరంలో ఈనె మందం పిక్సెల్ కంటే తక్కువ. ఒక ఫ్రేములో ఉంటుంది, తర్వాతి ఫ్రేములో ఉండదు, అందుకే మిణుకుమిణుకుమంటుంది. గ్రాఫిక్స్ కార్డులోని ప్రత్యేక భాగం మీద, నేర్చుకున్న ఏఐ మోడల్‌తో నడిచే డీఎల్ఎస్ఎస్ ఈ మిణుకుని ఎఫ్ఎస్ఆర్ 2 కంటే బాగా అణుస్తుంది. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోలో సోనీ కూడా పీఎస్ఎస్ఆర్ పేరుతో ఇదే దారి పట్టింది. అందుకని ఇప్పుడు ఎన్ని పిక్సెళ్లు అని అడగడం సగం ప్రశ్నే, ఎవరు పెద్దది చేస్తున్నారు అన్నది మిగతా సగం.

మావయ్య ఆ సాయంత్రమంతా వెనక పడక్కుర్చీలో కూర్చుని చూస్తూ ఒకటే మాట అన్నాడు: "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయిరా." అందరం ఆయన కళ్లజోడు మీదకి నెట్టేశాం గాని, ఆయన మాటలో లెక్క ఉంది. చేయి చాచి చిటికెన వేలు నిలబెట్టండి, దాని వెడల్పు మన చూపులో సుమారు ఒక డిగ్రీ. టేబుల్ మీద 24 అంగుళాల 1080పి మానిటర్‌ని రెండు అడుగుల దూరం నుంచి చూస్తే ఆ చిటికెన వేలు కింద దాదాపు 40 పిక్సెళ్లు పడతాయి. అదే 1080పి బొమ్మని 55 అంగుళాల టీవీ మీద ఎనిమిది అడుగుల నుంచి చూస్తే దాదాపు 67. మామూలు చూపు విడివిడిగా పట్టుకోగలిగేది 60 వరకు అంటారు. అంటే సోఫాలో కూర్చున్నవాడికి తక్కువ రిజల్యూషన్ బొమ్మ కూడా, టేబుల్ దగ్గర కూర్చున్నవాడి బొమ్మ కంటే సన్నగా, నునుపుగా కనిపిస్తుంది. కన్సోల్ గేమ్ చేసేవాళ్లు ఈ దూరాన్ని నమ్ముకునే వంతులు కోస్తారు. అదే కన్సోల్‌ని మానిటర్‌కి తగిలించి దగ్గరగా కూర్చుంటే ప్రతి లోపమూ కనపడుతుంది. బావ ల్యాప్‌టాప్‌కి ఉన్న అసలు బలం టేబుల్ మీద తెలుస్తుంది, హాల్లో సగం వృథా.

కాగితం మీది అంకెల పోటీ గురించి ఎక్కువ రాయను, అది తేల్చేది తక్కువ. పీఎస్5 10.28 టెరాఫ్లాప్స్, సిరీస్ ఎక్స్ 12, అయినా చాలా గేముల్లో రెండూ దాదాపు సమానంగానే నడిచాయి. పీసీ కార్డుల్లో అయితే ఆర్‌టీఎక్స్ 2080 టీఐ 13.4, ఆర్‌టీఎక్స్ 3070 కాగితం మీద 20, గేముల్లో మాత్రం దాదాపు ఒకే వేగం. టెరాఫ్లాప్ అంటే లోపలి ఇంజను ఎన్ని లెక్కలు చేయగలదని మాత్రమే, ఆ లెక్కలకి సరుకు సమయానికి అందుతుందా అన్నది అందులో లేదు. మెమరీ మాత్రం చూడాల్సిందే. కన్సోల్‌లో 16 జీబీ అంతా ఉమ్మడి, సిరీస్ ఎక్స్‌లో అందులో 13.5 జీబీ గేములకి దొరుకుతుంది. పీసీలో కార్డుకి 8 జీబీ ఉంటే, కన్సోల్ కొలతలకి కుట్టిన టెక్స్చర్లు అందులో పట్టకపోవచ్చు. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు జరిగింది ఇదే: 8 జీబీ కార్డులవాళ్లు టెక్స్చర్లు మీడియంకి తగ్గిస్తే గోడలూ నేలా పాతికేళ్ల కిందటి గేమ్‌లా కనిపించాయి. తర్వాత ప్యాచ్‌లు, అంటే తప్పులు దిద్దే అప్‌డేట్లు, ఇచ్చి చాలావరకు సరిచేశారు.

ఇక నా దృష్టిలో బొమ్మ నాణ్యతలో అన్నిటికంటే పెద్ద భాగం, స్క్రీన్‌షాట్‌లో ఎప్పటికీ కనపడని భాగం, కదలిక. సెకనుకి 60 ఫ్రేములు అని పైన అంకె చూపిస్తుంటే సరిపోదు, ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లకి వస్తోందా అన్నది ముఖ్యం. 59 ఫ్రేములు చకచకా వచ్చి ఒక్కటి ఆగిపోతే సగటు బాగానే ఉంటుంది, కన్ను మాత్రం ఆ ఒక్క కుదుపునే పట్టుకుంటుంది. ఈ విషయంలో కన్సోల్‌కి పుట్టుకతో ఒక సౌకర్యం ఉంది. గేమ్‌లో ప్రతి మెరుపుకీ, ప్రతి ఉపరితలానికీ గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములుంటాయి, వాటిని షేడర్లు అంటారు. కన్సోల్‌లో చిప్ ఒక్కటే కాబట్టి వాటిని ఆ చిప్ భాషలోకి ముందే మార్చి డిస్కులో పెట్టి పంపుతారు. పీసీలో కార్డు మారితే, డ్రైవర్ మారితే ఆ భాష మారుతుంది, కాబట్టి మార్పిడి మన ఇంట్లో జరగాలి. గేమ్ మొదలయ్యే ముందు చేస్తే అరగంట లోడింగ్ స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. ఆట మధ్యలో చేస్తే కొత్త శత్రువు కనపడిన ప్రతిసారీ, మొదటి పేలుడు జరిగిన ప్రతిసారీ ఒక జర్క్. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఎంత ఖరీదైన పీసీ ఉన్నా ఈ జర్కులు తప్పలేదు. అదే గేమ్ పీఎస్4 వెర్షన్‌ని పీఎస్5 మీద నడిపితే, గడ్డి కాస్త పలచగా ఉన్నా, 60 ఫ్రేములు హాయిగా నిలబడ్డాయి. నన్నడిగితే ఆ నెలలో ఆడాల్సిన వెర్షన్ అదే. ఎవరి స్క్రీన్‌షాట్ అందంగా ఉందన్న పోటీలో అది గెలవదు, అయినా కంటికి సుఖం అందులోనే ఉంది.

గేమ్‌ని ఇంకో పెట్టెకి మార్చే పనిలో చేసినవాళ్ల శ్రద్ధ ఎంత అన్నది కూడా పెద్ద విషయం. 2015 జూన్‌లో బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీ వెర్షన్ ఎంత ఘోరంగా వచ్చిందంటే, రెండు రోజులు తిరక్కుండానే అమ్మకం ఆపేశారు. కన్సోల్స్‌లో మాత్రం శుభ్రంగా నడిచింది. 2020 డిసెంబర్‌లో సరిగ్గా తిరగబడింది: సైబర్‌పంక్ 2077 మంచి పీసీలో కళ్లు చెదిరేలా ఉంటే, పాత పీఎస్4లో ఆడలేని స్థితిలో వచ్చింది. సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది, మళ్లీ 2021 జూన్‌లో గాని పెట్టలేదు. ఈ రెండు ఉదాహరణలూ చేతిలో పెట్టుకుని ఎవరు ఏ పక్షమైనా వాదించొచ్చు. అందుకే పీసీ గొప్పదా కన్సోల్ గొప్పదా అన్న ప్రశ్నకి నేను జవాబు చెప్పను, ఏ గేమ్, ఏ నెల ప్యాచ్ అని అడుగుతాను.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో మాట. ల్యాప్‌టాప్ మీద ఆర్‌టీఎక్స్ 4060 అని స్టిక్కర్ ఉంటే అది ఒకే వేగం అనుకోకండి. ఆ చిప్‌ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా కట్టెయ్యొచ్చు. ఆ పైన వేడి. భోగి చలిలో బాగానే నడిచిన బావ ల్యాప్‌టాప్, మే నెలలో ఉక్కపోతకి ఏసీ లేని గదిలో అలా నడవదు. గాలిలో చెమ్మ, ఫ్యాన్ల రెక్కల్లో దుమ్ము, చిప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పోయినేడాది నా సొంత ల్యాప్‌టాప్ వేసవిలో మొదటి పది నిమిషాలు ఒకలా, అరగంట తర్వాత ఇంకోలా ఉండేది, కార్డు పాడైందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో. తర్వాత తెలిసింది వేడి అని. కన్సోల్ కూడా వేడెక్కుతుంది గాని, పీఎస్5లో ఎంత పని ఉంటే ఎంత వేగం అన్నది గది ఉష్ణోగ్రతని బట్టి కాకుండా పనిని బట్టి నిర్ణయమయ్యేలా కట్టారు, అందుకే కాకినాడలో అయినా కాశ్మీర్‌లో అయినా ఒకేలా నడుస్తుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌తో పోలిస్తే, గేమ్ మొదలెట్టిన అరగంట తర్వాతి బొమ్మనే లెక్కలోకి తీసుకోవాలి.

యూట్యూబ్ పోలిక వీడియోలు చూసి నిర్ణయించుకునేవాళ్లకి ఒక్కటే చెప్తాను, గడ్డీ ఆకులూ పొగా ఉన్న చోట ఆ వీడియోని నమ్మకండి. వీడియోని కుదించేటప్పుడు మొదట పోయేవి కదిలే సన్న వివరాలే, అంటే రెండు వెర్షన్ల మధ్య తేడా ఎక్కడ ఉంటుందో సరిగ్గా అదే. ఫోన్‌లో చూస్తే ఇక చెప్పక్కర్లేదు.

కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మేం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పద్ధతిగా. రెండు పోర్టులకీ గేమ్ మోడ్, రేంజ్ సరిచేశాం, ఫ్రేముల అంకె తీసేశాం, ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్‌ని కన్సోల్ మెట్టుకి దించి 30 ఫ్రేములకి కట్టేశాం. మరదలు రిమోట్ పట్టుకుని ఏది ఏదో చెప్పకుండా మార్చింది. కదలకుండా నిలబడిన చోట ఒక్కరూ కచ్చితంగా చెప్పలేకపోయారు, అన్నయ్య రెండుసార్లు ల్యాప్‌టాప్‌నే పీఎస్5 అన్నాడు. గుర్రం కదిలాక మాత్రం నాకు దొరికింది: కన్సోల్‌లో చెట్ల కొమ్మలూ గుర్రం జూలూ చెకర్‌బోర్డ్ వల్ల కాస్త అలికినట్టున్నాయి, ల్యాప్‌టాప్‌లో డీఎల్ఎస్ఎస్‌తో విడివిడిగా ఉన్నాయి. దూరపు నేల కూడా. ఆ తర్వాత 30 కట్టు విప్పేశాం. అప్పుడు పడక్కుర్చీలోంచి మావయ్య లేచి కూర్చుని, "ఇదిగో, ఇప్పుడు ఏదో మారింది, గుర్రం నిజంగా పరిగెడుతున్నట్టుంది" అన్నాడు. రెండు రోజుల్లో ఆయన కంటికి ఆనిన తేడా అదొక్కటే.

అన్నయ్య అడిగాడు, మరి నేనిప్పుడు పీసీ కొనాలా అని. అక్కర్లేదన్నాను. తను ఆడేది రాత్రి పదింటికి, సోఫాలో, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక, బటన్ నొక్కగానే నడవాలి. పైగా గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6ని ప్రకటించింది కన్సోల్స్‌కే. ఇదే సిరీస్‌లో అయిదోది 2013 సెప్టెంబర్‌లో కన్సోల్స్‌కి వస్తే పీసీకి రావడానికి 2015 ఏప్రిల్ అయింది. ఎదురుచూసే ఓపిక ఉన్నవాళ్లకి పీసీ, లేనివాళ్లకి కన్సోల్. బావకి ఆ ఓపిక ఉంది. నీడలూ నీళ్లూ అల్ట్రా నుంచి హైకి దించి, వాల్యూమెట్రిక్స్ (పొగమంచూ అందులో వెలుగూ చూపించే సెట్టింగ్) మీడియంకి పెట్టి ఇచ్చాను, ఫ్యాన్ల హోరు సగానికి తగ్గింది. హైదరాబాద్ వెళ్లాక మళ్లీ అల్ట్రాకి మార్చావా అని నిన్న మెసేజ్ పెట్టాను, మార్చలేదన్నాడు.